తిరగేయకూడని మూత

తెర మీద సముద్రం ఆగిపోయింది.

కిటికీ అవతలి సముద్రానికి మాత్రం ఏ జబ్బూ లేదు. 'హిల్డూర్' పడవ ముక్కు అలలెక్కి దిగుతోంది. వల సగం ఇంకా నీళ్లలోనే ఉంది. డెక్కు మీద ఎడ్విన్ పసుపు రబ్బరు దుస్తుల్లో నిలబడి స్క్రే చేపల్ని వలలోంచి విడదీస్తున్నాడు. చుక్కాని గదిలో గోడకు బిగించిన లాప్‌టాప్‌లోనే పడవ గుర్తు మేకు కొట్టినట్టు ఒక్కచోట నిలిచిపోయింది. రాగ్నా దాని పక్కన అరచేత్తో ఒకటిచ్చింది. ఆగి, ఇంకోటిచ్చింది.

"ఏటే, దాన్నెందుకు కొడతన్నావు?" కింద నుంచి ఎడ్విన్ బాబాయి కేక.

"చచ్చింది బాబాయ్!"

"చేపా?"

"లాప్‌టాప్!"

"ఓస్, అదేనా," అని ఎడ్విన్ మళ్లీ పనిలో పడ్డాడు. అంతలోనే తల పైకి లేచింది. "ఏదీ... మీ నాన్నదా?"

నాన్నదే. పడవలో ఉన్నది అదొక్కటే.

నాన్న స్వెర్రే బతికున్నన్నాళ్లూ వెస్ట్‌ఫ్యోర్డ్ సముద్రపాయ మీద పడవ నడిపిన కొద్దీ ఆ లాప్‌టాప్‌లో సముద్రపు అడుగు కొంచెం కొంచెంగా గీసుకుంటూ వచ్చింది. పడవ కిందికి పంపిన శబ్దం అడుగును తాకి తిరిగొచ్చి లోతు చెబుతుంది. ఆ లోతు రంగుగా మారి తెర మీద సన్నటి చారగా పడుతుంది. చార పక్కన చార, ఏళ్ల తరబడి. ఇప్పుడు చూస్తే గట్లు, గుంటలు, వలల్ని చింపే రాతి పళ్లు, ఎప్పుడో మునిగిన ఓడ డొక్క, అన్నీ ఎండలో పెట్టినట్టు కనిపిస్తాయి. కొని తెచ్చుకునే పటాల్లో ఇవేవీ ఉండవు. స్వెర్రే గొంతు ఎవరూ రికార్డు చేసి పెట్టుకోలేదు. ఫోటో తీస్తుంటే మొహం పక్కకి తిప్పుకునే మనిషి. ఆయన తిరిగిన దారులు మాత్రం అన్నీ ఈ పెట్టెలో ఉన్నాయి.

కాపీ ఒక్కటీ లేదు. "రెండో కాపీ అంటే రెండో నోరు," అనేవాడు స్వెర్రే. చేపలుండే చోట్లు పక్క పడవ వాళ్లకి తెలిసిపోతాయని ఆయన భయం. ఆ మాటకి రాగ్నా నవ్వేది. నవ్వుతూనే ఇన్నేళ్లూ తనూ కాపీ తీయలేదు.

లాప్‌టాప్‌ని ఆపి, మళ్లీ వెలిగించింది. నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి: లోపలి డిస్క్ పాడవబోతోంది, వెంటనే మార్చుకోండి. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు పటం తెరుచుకుంది. రాగ్నాకి కాళ్లు ఒకచోట నిలవలేదు. మామూలుగానే నిలవవు. కాఫీ కూర్చుని తాగడం ఆమెకి చేతకాదు. బూదో పట్నంలో లెక్కల టీచరు చదువు చదివేటప్పుడు కూడా కిటికీ పక్కన నిలబడి పాఠం వినేది. తండ్రికి జబ్బు చేసిందని వచ్చి, ఒక చలికాలం పడవ నడుపుదామనుకుని, ఉండిపోయింది. ఇప్పుడామెకి ముప్పై ఆరు.

రేవులో పడవ కట్టీ కట్టకముందే లాప్‌టాప్‌ని గోడ నుంచి ఊడదీసి చుక్కాని గది బల్ల మీద పెట్టింది. తెర మూసింది. చిన్న స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పట్టుకుని, అడుగు మూత తీయడానికి దాన్ని రెండు చేతులా ఎత్తి బోర్లించబోయింది.

"ఆగవే!"

ఎడ్విన్ తలుపులో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది.

రాగ్నా లాప్‌టాప్ దించి, స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసింది. "ఏమైంది బాబాయ్?"

"ఏం సేస్తన్నావో తెలుస్తందా నీకు? పడవలో మూత తిరగేస్తావా?"

"ఇది డెక్కు మీద చేపల గది మూత కాదు, లాప్‌టాప్!"

"దానికి మూత ఉన్నాదా నేదా?"

"ఉంది."

"పడవదా కాదా?"

"పడవదే, కానీ..."

"కానీ నేదు, గీనీ నేదు. పడవ మూత తిరగేసి పెడితే పడవ తిరగబడతాది. మీ తాత సెప్పాడు, ఆళ్ల తాత సెప్పాడు. మీ నాన్న ఇన్ని సలికాలాలు సముద్రంలో ఉన్నాడు, ఒక్క మూత తిరగేశాడా? ఏటైంది? కాళ్లకి మేజోళ్లేసుకుని, ఆస్పత్రి మంచం మీద, ఎచ్చగా పోయాడు. ఇంకేటి సాక్ష్యం కావాల నీకు?"

రాగ్నా స్క్రూడ్రైవరుని జేబులో పెట్టుకుంది.

"ఇంటికి తీసుకెళ్లి తీస్తాలే," అంది.

"ఇంటికెళ్తే పడవది కాకుండా పోతాదా? తిప్పుకో. నీ ఇష్టం. నాను మాత్రం రేపట్నుంచి ఎక్కను."

అది బెదిరింపు కాదని ఆమెకి తెలుసు. పడవలో అపశకునమైన గుర్రం పేరు ఎత్తాడని ఒక కుర్రాణ్ణి పొరుగు రేవులో దించేసి వచ్చిన మనిషి ఆయన. ఎడ్విన్ లేకుండా వల లాగడం కుదరదు. గుడ్లు పెట్టడానికి వచ్చే స్క్రే చేపల రాక మొదలైంది, మహా అయితే ఏప్రిల్ దాకా ఉంటుంది. రాగ్నా లాప్‌టాప్‌ని ఉన్నది ఉన్నట్టే, వేడి సూప్ గిన్నెలాగా, చంకలో పెట్టుకోకుండా రెండు అరచేతుల మీద మోసుకుంటూ ఇంటికి నడిచింది.

స్వోల్వేర్ పట్నంలో కంప్యూటర్ల కొట్టు యోస్టైన్‌ది. ఫోన్ తీశాడు. రాగ్నా వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ లాప్‌టాప్ పేరూ, నంబరూ చదివింది.

"తీసుకొచ్చేయండి, కాఫీ తాగేలోపు మార్చేస్తాను," అన్నాడు.

"వద్దులెండి. పార్సిల్ పంపండి, నేనే బిగించుకుంటా."

వద్దనడానికి కారణముంది. యోస్టైన్ అక్క మొగుడు రోల్వ్. ఈ తీరంలో 'హిల్డూర్' ఎటు పోతే అటు దుర్భిణీ పెట్టి చూసే రోల్వ్. ఆ బావగారి ఇంట్లో ఆదివారం భోజనాల దగ్గర స్వెర్రే పటం వంటకంలా వడ్డనకొస్తుందేమోనని రాగ్నా భయం.

"సరే. అయితే ఒకటి చెప్పండి. అడుగు మూత తీసి చూశారా?"

రాగ్నా నడక ఆగింది. "ఆ."

"పాత డిస్కు ఎలా ఉంది? చూయింగ్ గమ్ బద్దలాగా సన్నగా, పొడుగ్గా ఉందా?"

"ఆ... అలాగే."

"దాని కొసన, పసుపు పళ్లుండే చోట, గాట్లుంటాయి. ఒకటా, రెండా?"

బల్ల మీద లాప్‌టాప్ మూసుకుని పడుంది. మూత తీయలేదని చెప్పాలి. ఎందుకు తీయలేదంటే మా బాబాయి ఒప్పుకోలేదని చెప్పాలి. యాభై మైళ్ల అవతల ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని పడీ పడీ నవ్వుతాడు, సాయంత్రానికి రోల్వ్ కూడా నవ్వుతాడు.

"ఒకటి," అంది.

"ఖాయమేనా? ఎందుకంటే ఈ మోడల్ రెండు రకాలుగా వచ్చింది. పైకి కవలపిల్లలే. లోపల ఒకదాంట్లో పాత పద్ధతి, సాటా అంటారు. ఇంకోదాంట్లో కొత్త పద్ధతి, ఎన్‌వీఎమ్ఈ. బద్దలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి పనిచెయ్యదు. ఒక గాటంటే కొత్తదన్నమాట."

"ఒకటేనండీ. కళ్లతో చూశాను."

"సరే, పంపిస్తా. డేటా ఎక్కించుకోడానికి బద్ద పెట్టుకునే చిన్న పెట్టె కూడా వేస్తున్నా. దాంట్లో రెండు రకాలూ పడతాయి. ఇంకో మాట, ఆ లాప్‌టాప్‌ని ఊరికే వెలిగించి చూడకండి. వెలిగించినప్పుడల్లా దాని ఆయుష్షు తరుగుతుంది."

ఫోన్ పెట్టేశాక రాగ్నా వెలగని లాప్‌టాప్ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

మర్నాడు గాలి పడిపోయింది. కొండల మధ్య నీళ్లు గాజుపలకలా ఉన్నాయి. రేవులో పడవలన్నీ వెళ్లిపోయాయి, 'హిల్డూర్' ఒక్కటే తాడు చివర ఊగుతోంది. పటం లేకుండా వెళ్లొచ్చు. కానీ రాతి పళ్ల మధ్య గుడ్డిగా వల వేస్తే మిగిలేది తాడే. వెళ్లే ముందు రోల్వ్ తన పడవ అంచు మీదకి వంగి మరీ అడిగాడు.

"ఏం రాగ్నా, సెలవా? పెళ్లా?"

"నీ పెళ్లికి ఉతికిన చొక్కా ఆరలేదు, అందుకని ఆగా."

"నాకెప్పుడో అయిపోయింది కదే!"

"ఇంకో పిచ్చిది దొరక్కపోతుందా?"

నవ్వుకుంటూ పోయాడు. రాగ్నా బస్సు ఆగే చోటికి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. పార్సిల్ వచ్చేసరికి ఆమె అడుగుల కింద మంచు చదునైపోయింది.

ఇంట్లో ఎవరూ లేరు. బల్ల మీద తువ్వాలు పరిచింది. లాప్‌టాప్‌ని తువ్వాలు మీద పెట్టింది. రెండు వైపులా పట్టుకుంది. ఇప్పుడు తిప్పితే ఎవరు చూస్తారు? ఎడ్విన్ వలల కొట్టులో ఉన్నాడు. ఎప్పటికీ తెలియదు. తిప్పు, అనుకుంది. తిప్పవే.

చేతులు తిరగలేదు.

ఒకసారి వదిలేసి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, మళ్లీ పట్టుకుంది. అంచు వేలెడు లేచింది. అంతే, కళ్ల ముందు 'హిల్డూర్' ఎర్రటి అడుగు ఆకాశం వైపు తేలింది. ఎడ్విన్ పసుపు టోపీ నీళ్ల మీద తిరుగుతోంది. అంచు దించేసింది. పిల్లలకి సంభావ్యత పాఠం చెప్పడానికి చదువుకున్న మనిషి! తన మీద తనకే ఒళ్లు మండి వంటింటి స్టూలును ఒక్క తన్ను తన్నింది. స్టూలు తిరగబడింది. గబుక్కున దాన్ని నిలబెట్టింది.

లాప్‌టాప్‌నీ పార్సిల్‌నీ ఎత్తుకుని తిన్నగా వలల కొట్టుకి వెళ్లింది. ఎడ్విన్ సూదీ దారంతో చిరుగులు అల్లుతున్నాడు.

"బాబాయ్, ఆ షాపతనికి అబద్ధం చెప్పాను. మూత తీసి చూశానన్నా. తీయలేదు. వచ్చినది సరైనదో కాదో తెలీదు."

"ఇంట్లో తిప్పకపోయావా?"

"తిప్పలేకపోయా."

ఎడ్విన్ సూది పక్కన పెట్టాడు. ఆమె వైపు చాలాసేపు చూశాడు. నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు. "మన పిల్లవే," అన్నాడు చివరికి, అదేదో పెద్ద చెడ్డ కబురైనట్టు.

"తిరగేయకూడదు, అంతేగా రూలు?" రాగ్నా కొట్టు నేల మీదికి చూసింది. "అయితే తిరగేయను. నువ్వు పట్టుకో."

"ఏటి పట్టుకోను?"

"పళ్లెం పట్టుకున్నట్టు, రెండు చివర్లూ. ఇంకొంచెం పైకి. ఆ, అక్కడ."

పాత వల కుప్ప మీద వెల్లకిలా పడుకుని, లారీ కింద దూరిన మెకానిక్‌లా లాప్‌టాప్ కిందికి జరిగింది. నుదుటికి దీపం కట్టుకుంది.

ఎడ్విన్ వంగి, కాళ్లు ఎడంగా పెట్టి, లాప్‌టాప్‌ని ఆమె మొహం మీద గాల్లో పట్టుకున్నాడు. మూతా తిరగబడలేదు, లాప్‌టాపూ తిరగబడలేదు. తిరగబడింది రాగ్నా ఒక్కతే.

"మనిషి తిరగబడితే పరవానేదా బాబాయ్?"

"మనుషుల గురించి తాత ఏటీ సెప్పలేదు."

మొదటి స్క్రూ ఆమె కంటి పక్కన పడింది. రెండోది నోట్లో పడింది. "మింగీకు!" అని ఎడ్విన్ అరిచాడు. లాప్‌టాప్ ఊగింది. "కదపకు!" అని ఆమె అరిచింది. చివరి స్క్రూ వచ్చాక, గోటితో అంచు నొక్కితే అడుగు మూత మెల్లగా ఆమె ఛాతీ మీదకి దిగింది. ఎలా ఉన్నది అలాగే. దాన్ని అలాగే తీసి పక్కన పెట్టె మీద పెట్టింది. ఎడ్విన్ గట్టిగా ఊపిరి వదిలాడు.

బ్యాటరీ తీగ ఊడదీసింది. దాని పక్కనే ఉంది బద్ద, ఆకుపచ్చగా, ఉప్పుగాలికి అంచులు మసకబారి. ఒక్క స్క్రూ తీస్తే కొస పైకి లేచింది. బయటికి లాగి దీపం వెలుగులో చూసింది.

రెండు గాట్లు.

పార్సిల్ లోని కొత్తదానికి ఒకటే గాటు. అయినా ఆశ చావక దాన్ని తీసి గాడిలో పెట్టి చూసింది. పళ్లు గాడి దగ్గరికి వెళ్లి ఆగిపోయాయి. గాడి లోపలి గోడ ఒకచోట, దీని గాటు ఇంకోచోట.

"ఎక్కడం నేదా?"

"ఎక్కదు బాబాయ్. నా నాలుకే కోసుకోవాలి."

"నాలుక తరవాత కోసుకో. నా సేతులు పడిపోతన్నాయి."

పాత బద్దని మళ్లీ దాని చోటే బిగించి, బ్యాటరీ తీగ తగిలించి, మూత పెట్టింది. వల కుప్ప మీంచి లేవకుండానే యోస్టైన్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. నిజం చెప్పేసింది, బాబాయి సంగతితో సహా.

నవ్వుతాడనుకుంది.

"డెక్కు మూతల సంగతి మా అమ్మమ్మ చెప్పేది," అన్నాడు యోస్టైన్. "మీరు ముందే చెప్పుంటే రెండు రకాలూ పంపేవాణ్ణి. రెండు గాట్లంటే ఇక అనుమానం లేదు, సాటా. పొడుగు ఎంతుంది? కొలవండి."

"ఎనిమిది సెంటీమీటర్లు."

"మంచిది. పొట్టివి కూడా ఉంటాయి, వాటికి స్క్రూ అందదు. పాతదానికి తగ్గని సైజుది నా దగ్గర ఒకటుంది. సాయంత్రం బస్సుకి వేస్తా. ఈలోపు ఊరికే కూర్చోకండి."

"నేనెప్పుడూ కూర్చోను."

"ఆ తప్పు బద్దని చిన్న పెట్టెలో పెట్టి, తీగతో లాప్‌టాప్‌కి తగిలించండి. లోపల పనిచెయ్యదుగానీ బయట శుభ్రంగా పనిచేస్తుంది. పాతది ఇంకోసారి వెలుగుతుంది, బహుశా అంతే. ఆ ఒక్కసారిలోనే పటాలన్నీ ఇందులోకి తోసెయ్యండి."

"మీ బావకి చెప్పకూడదు."

"ఏం చెప్పాలండీ? చేపలు ఎక్కడుంటే నాకెందుకు? నాకసలు చేప పడదు, ఒంటి మీద దద్దుర్లొస్తాయి."

లోఫోటెన్ దీవుల్లో పుట్టి చేప తినని మనిషి! ఎడ్విన్ ఈ మాట విని తల అడ్డంగా ఊపాడు. "పాపం, ఏం తిని బతుకుతాడే?"

లాప్‌టాప్ వెలిగింది. ఈసారి చాలాసేపు పట్టింది. సముద్రాన్ని చదరాలుగా కోసి దాచుకుంటుంది ఆ ప్రోగ్రాము, ఒక్కో చదరం ఒక్కో ఫైలు. అన్నిటికన్నా పెద్దది బయటి గట్టు. స్వెర్రే ఎక్కువగా తిరిగింది అక్కడే, చార మీద చార, ఏటా. రాగ్నా ఆలోచించకుండా ముందు దాన్నే లాగి కొత్త బద్ద మీద పడేసింది. తెర మీది గీత కొంచెం నిండి ఆగింది. లోపల్నుంచి చప్పుడు లేదు. పాతకాలపు డిస్కులైతే కనీసం మూలిగేవి, ఇది మూలగను కూడా మూలగదు.

"కదలట్లేదు," అంది ఫోన్‌లో.

"ఏ ఫైలు?"

"పెద్దది."

"వదిలెయ్యండి. ఎక్కువసార్లు రాసిన చోటే ఎక్కువ అరుగుతుంది. చిన్నవన్నీ ముందు తీసుకోండి."

"అదే కావాలి నాకు!"

"దాని కోసం ఆగితే అన్నీ పోతాయి రాగ్నా."

వదిలేసింది. వేలు ఆపేసే మీట మీదకి వెళ్లడానికి ఇష్టపడలేదు, అయినా వదిలేసింది. మిగతా చదరాలు ఒకటొకటే దాటడం మొదలుపెట్టాయి. ఆమె కొట్టు తలుపు దాకా నడిచి వచ్చేది, చూసేది, మళ్లీ నడిచేది. ఓడ డొక్క దాటింది. రాతి పళ్లు దాటాయి. దీపస్తంభం కింది గుంట దాటింది. ఎడ్విన్ ఒక్కో పేరూ విని తల ఊపుతున్నాడు, వాన నుంచి ఇంట్లోకి వస్తున్న పిల్లల్ని లెక్కపెడుతున్నట్టు. అన్నీ అయ్యాక రాగ్నా ఊపిరి బిగబట్టి బయటి గట్టు మీద మళ్లీ నొక్కింది.

తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు కూడా రాలేదు. మళ్లీ వెలిగించారు. డిస్క్ ఏదీ కనపడలేదంది లాప్‌టాప్.

ఎడ్విన్ ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చాడు. రాగ్నా నిలబడే తాగింది.

సాయంత్రం బస్సులో రెండు గాట్ల బద్ద వచ్చింది. మళ్లీ వల కుప్ప, మళ్లీ ఎడ్విన్ చేతుల పళ్లెం, మళ్లీ మొహం మీద స్క్రూలు. "ఈసారి నోరు ముయ్యి," అన్నాడు బాబాయి. బద్ద గాడిలోకి వెన్నలోకి కత్తిలా దిగింది. స్క్రూ చిల్లు దగ్గర చిల్లు కూర్చుంది. మర్నాడు ఉదయమంతా యోస్టైన్ ఫోన్‌లో చెబుతుంటే సిస్టమ్ ఎక్కించింది. పటం ప్రోగ్రాము వాళ్లకి ఫోన్ చేసి దాన్ని తెరిచే కోడు మళ్లీ తెప్పించుకుంది. చిన్న పెట్టెలోంచి చదరాలన్నీ లోపలికి దించింది.

పటం తెరుచుకుంది. నీలాలు, ఆకుపచ్చలు, పసుపులు. అన్నీ ఉన్నాయి. మధ్యలో, బయటి గట్టు ఉండాల్సిన చోట, పన్ను ఊడినట్టు బూడిదరంగు చదరం.

"మంచి చోట్లు మిగిలాయి గదే," అన్నాడు ఎడ్విన్. "రోల్వు ఇయ్యాల గుంట కాడున్నాడు, సేపలక్కడ పడతన్నట్టున్నాయి, అటు పోదాం పద."

రాగ్నా అప్పటికే తాడు విప్పేస్తోంది. రేవు దాటాక పడవ ముక్కుని గుంట వైపు తిప్పలేదు. తిన్నగా బయటికి తోలింది.

"ఏటే, ఇటెందుకు? వలలెయ్యవా?"

"వేస్తాం. ముందు కింద ఏముందో చూడాలి."

బూడిద చదరం అంచు దగ్గర వేగం తగ్గించింది. పడవ గుర్తు దానిలోకి దిగింది. దాని వెనకాల, దారప్పోగంత సన్నగా, ముదురు నీలం చార ఒకటి పడింది. చదరం అవతలి కొసకి వెళ్లి, పడవ వెడల్పంత పక్కకి జరిగి, వెనక్కి తిప్పింది. రెండో చార మొదటిదాన్ని ఆనుకుని పడింది. మధ్యలో ఒకచోట రంగు ఒక్కసారిగా లేతబడింది. రాతి పన్ను. ఉన్నచోటే ఉంది.

రేడియో గరగరమంది. రోల్వ్. "హిల్డూర్, ఏంటది, సముద్రం దున్నుతున్నారా?"

"అవును," అంది రాగ్నా. "అడ్డం రాకు."

డెక్కు మీంచి ఎడ్విన్ పైకొచ్చాడు. లాప్‌టాప్ పక్కన తీగ చివర వేలాడుతున్న చిన్న పెట్టెనీ, దాంట్లో మినుకుమంటున్న దీపాన్నీ చూశాడు. తప్పుగా కొన్న బద్ద, పడిన ప్రతి చారనీ రెండోసారి రాసుకుంటోంది.

"ఇదేటిది? రెండో నోరా?"

"ఆ."

"మీ నాన్న ఒప్పుకోడు."

"నువ్వు ఒప్పుకుంటావా?"

ఎడ్విన్ గడ్డం గోక్కున్నాడు. పెట్టెకి కూడా చిన్న మూత ఉంది. వంగి, అది ఏ వైపుకి ఉందో పరీక్షగా చూశాడు.

"సరిగ్గానే పెట్టావులే," అని వల సర్దడానికి కిందికి దిగాడు. రాగ్నా చుక్కాని తిప్పింది. మూడో చార మొదలైంది.